అన్నీ ఆడవే

అక్టోబరు 3

ఇరవై నాలుగో తరం బయటికొచ్చింది. లెన్సు కింద రెండొందల పన్నెండు లెక్కపెట్టాను. అన్నీ ఆడవే.

ఫిబ్రవరి నుంచి పది రోజులకోసారి ఇదే మాట రాస్తున్నాను. ఈ డైరీకి నోరుంటే ఇంక ఊరుకోవే నస్రత్ అనేది.

పొద్దున నల్లపాడు ఆటోలో పక్కనావిడ ఏం పని చేస్తావమ్మా అనడిగింది. చెప్పాను. పత్తి మీద పురుగు గుడ్లు పెడుతుంది, ఆ గుడ్డులో ఇది తన గుడ్డు పెడుతుంది, పురుగు పుట్టాల్సిన చోట ఇది పుడుతుంది, కందిరీగల జాతే కానీ ఆవగింజ మీద నాలుగు నిలబడతాయి అని. ఆవిడ కాళ్లు ముడుచుకుని కూర్చుంది. కుట్టవండీ అన్నా నమ్మలేదు. నా సంచీ వంకే చూస్తూ దిగిపోయింది.

ఈ పురుగుల్ని పెంచే మా యూనిట్‌లో రైతులకిచ్చేది ఒకటే జాతి, చిలోనిస్. అది నాతో పనిచేసే కోటేశ్వరి బల్ల. నా బల్ల మీదున్నది అది కాదు. తుళ్లూరులో చేను గట్టున తుత్తురుబెండ ఆకు కింద దొరికిన, ఇది దూరి నల్లబడ్డ ఏడు గుడ్ల నుంచి వచ్చింది. ఏ పుస్తకంలోనూ లేదు. ఆడదాని మీసం చివర ముద్ద పొడుగు వేరు, ఒళ్లు కాస్త నలుపు. కానీ ఈ వంశంలో ఆడవాటిని చూసి ఏ జాతో చెప్పలేం. మగదాన్ని స్లైడు మీద పెట్టి దాని జననాంగం చూస్తేనే తేలుతుంది. దీనికి అమ్మ పేరే పెట్టాలని ఉంది, ఆ సంగతి అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు.

ఈ పురుగుల జాతులు తేల్చే బెంగళూరు మేడమ్ మళ్లీ మెయిల్ పెట్టారు. మగది లేకుండా పేరు పెట్టొద్దన్నారు, సరే. సగం పురుగుల్ని అక్కడికి పంపమంటున్నారు, రెండు చోట్ల ఉంటే మంచిదట. ఈ ఎండలకి కొరియర్‌లో చస్తాయి. ఎండలు తగ్గాక పంపుతాను. కారణం ఇదే, ఇంకేం లేదు.

అక్టోబరు 7

అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నీ పేరు పెడతానమ్మా అంటే, కని పెంచినదానికి పురుగని పేరు పెడతావా అని అలిగింది. ఇవాళ మిర్చి యార్డులో పనికి సెలవు పెట్టించి యూనిట్‌కి తీసుకొచ్చాను. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. పావుగంట కదల్లేదు.

మిరపకాయలకి తొడిమలు తీసే చేతులు అవి. ముప్ఫై ఏళ్లుగా ఎర్రటి రాశి ముందు కూర్చుని తాలుకాయ తాలుకాయగా ఏరిన కళ్లు. ఆ కళ్లు అద్దంలో పెట్టి, ఇది ఆగి ఆగి నడుస్తుందేమే అంది. మెడ ఇలా తిప్పుతుంది, మా ఆడాళ్లు కాయ ఏరేటప్పుడు తిప్పినట్టు. నేను ఎనిమిది నెలలుగా చూస్తున్నాను, నాకు ఆ మెడ కనపడలేదు.

వెళ్లేటప్పుడు పేరు ఎలా రాస్తారని అడిగింది. లాటిన్‌లో చివర అక్షరం మారుతుందని చెప్పాను. పలికించుకుంది. నాలుగుసార్లు పలికింది.

అక్టోబరు 9

ఆదెయ్య బాబాయ్ వచ్చాడు. పర్చూరు దగ్గర అమ్మ పుట్టినూరి మనిషి. ఆరెకరాల పత్తి, రెండెకరాల మిర్చి. పోయినేడు గులాబీ పురుగు సగం కాయ తినేసింది, ఈసారి మందు కొట్టే ఓపిక లేదు, మీ దగ్గరేదో కార్డులు ఇస్తారంట కదా అమ్మాయ్ అన్నాడు. కార్డంటే ఈ పురుగు దూరిన గుడ్లు అంటించిన అట్టముక్క, కోటేశ్వరి దగ్గర నిండుకున్నాయి. ఆయన మొహం చూస్తే వట్టి చేతులతో పంపబుద్ధి కాలేదు. నావి ఆరు కార్డులిచ్చాను. చేలో ఎలా పనిచేస్తాయో నాకూ తెలుస్తుంది.

ఆకు కింద పిన్ను పెట్టి తగిలించు బాబాయ్, రెండు మూడు రోజుల్లో అవే బయటికొస్తాయి అని చెప్పాను. మబ్బు పట్టి ఉంది. వానకి తడవనీయమాకు, తడిస్తే పాడైపోతాయని కూడా చెప్పాను. తలకాయ ఊపాడు. చొక్కా పైజేబులో, గుండె పక్కన పెట్టుకుని వెళ్లాడు.

పేరు కూడా లేనిదాన్ని రైతుకిస్తావా అంది కోటేశ్వరి. పేరు లేకపోతే ఆకలి ఉండదా అన్నాను. ఆ మాట నాకు బాగా నచ్చింది, అందుకే రాసుకున్నాను.

అక్టోబరు 14

టెట్రాసైక్లిన్ మందు తేనెలో కలిపి ఒకటో సీసాలో పెట్టాను. వీటి ఒంట్లో ఒక బాక్టీరియా ఉంటుంది, దాని వల్లే మగవి పుట్టవంటారు. అది చస్తే మగవి వస్తాయి. రెండో సీసాకి ఏమీ కలపలేదు, పోల్చి చూడ్డానికి.

మేడమ్‌కి జవాబు రాయలేదు.

అక్టోబరు 24

అన్నీ ఆడవే.

అక్టోబరు 25

తుళ్లూరు వెళ్లొచ్చాను. ఆ గట్టు లేదు. ఆగస్టులో వెళ్లినప్పుడు కనీసం చెట్టు మొదళ్లున్నాయి. ఇప్పుడు మనిషెత్తు పైపులు వరసగా పడుకోబెట్టారు, మట్టి ఎక్కడిదక్కడ తిరగేసి ఉంది. అక్కడి వాచ్‌మన్ ఏం పోగొట్టుకున్నావమ్మా అన్నాడు. ఆకులు అన్నాను. ఆయన నవ్వలేదు పాపం, రోడ్డవతల కొన్ని మొక్కలున్నాయి చూడమన్నాడు. చూశాను. గుడ్లు లేవు.

అంటే ఇంక లోకంలో నా రెండు సీసాల్లోనే ఉన్నట్టు. భయం వేసింది. ఇంటికొచ్చి పార్సిల్ డబ్బా కూడా తీశాను. మళ్లీ పైన పెట్టేశాను. ఒక్క మగది దొరకనీ, స్లైడు చేసి, వ్యాసం రాసి, అమ్మ పేరు అచ్చులో చూసుకుని, అప్పుడు ఎవరికైనా ఇస్తాను.

అక్టోబరు 28

తుఫాను. కరెంటు లేదు. యూనిట్ పైకప్పు కారి నేలంతా నీళ్లు, నీళ్లకి చీమలు బల్లలెక్కాయి. చీమలు ఎక్కాయంటే గుడ్డు మిగలదు. ఉన్నది ఒక్క థర్మాకోల్ పెట్టె. దాన్ని నీళ్ల పళ్లెంలో నిలబెట్టి, కోటేశ్వరి చిలోనిస్ గొట్టాలు ఒక పక్క, నా సీసాలు ఒక పక్క సర్దాను. అన్నిటి మూతులకీ గుడ్డలు బిగించి కట్టాను.

అక్టోబరు 30

కరెంటు వచ్చింది. అన్నీ బతికే ఉన్నాయి. అల్లా దయ.

నవంబరు 8

మగవి.

నవంబరు 8, మళ్లీ

ఇందాక ఆ ఒక్క మాటే రాసి మళ్లీ లెన్సు దగ్గరికి పరిగెత్తాను. ఒకటో సీసాలో పద్నాలుగు మగవి. మీసాలకి ఇంతింత వెంట్రుకలు, పొరపాటు పడే వీల్లేదు. మందు పనిచేసింది. కోటేశ్వరిని పట్టుకుని గిరగిరా తిప్పాను. అరిచి గీ పెట్టింది, తను నాలుగో నెల.

ఒళ్లు రంగు కాస్త తేలిగ్గా ఉంది. రంగును నమ్మకూడదు, చలికి ముదురుతుంది, వెచ్చబడితే తేలుతుంది. ప్రతి పుస్తకంలోనూ రాసి ఉంటుంది.

మగవాటితో జతకట్టిన ఆడవాటితోనే తరవాతి తరానికి గుడ్లు పెట్టించాను. మిగతా ఆడవాటిని వేణ్ణీళ్లలో పోసేశాను. ఇరవై ఏడు తరాలు వాటి మొహాలే చూశాను, చాలు.

నవంబరు 9

రెండో సీసాలో కూడా మగవి ఉన్నాయి. దానికి మందు పెట్టలేదు. తేనె చుక్క పెట్టేటప్పుడు కుంచె మారి ఉంటుంది. అంతే అయ్యుంటుంది.

నవంబరు 10

అమ్మకి చెప్పాను. అన్నం తింటూ తింటూ ఆగిపోయి, పేరు ఖాయమేనా అంది. ఖాయమన్నాను. సాయంత్రానికి యార్డంతా తెలిసిపోయింది. పక్కన కూర్చునే సుబ్బరావమ్మ, ఇంక నిన్ను పురుగు రసూల్‌బీ అంటామే అందట. అమ్మ ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది, ప్రతిసారీ కోపం నటిస్తూ.

నవంబరు 12

మొదటి నాలుగు స్లైడ్లు సరిగా రాలేదు. ఒళ్లు కరగలేదు, మసక. రేపు మళ్లీ చేస్తాను.

నవంబరు 13

మళ్లీ మసకే. ఒళ్లు కరిగించే క్లోరల్ కొత్త సీసా తెప్పించాలి.

నవంబరు 14

కోటేశ్వరి తొంగి చూసి, బాగానే కనపడుతోంది కదే అంది. నీకేం తెలుసు అని కసిరాను. పాపం తను వెళ్లి పంపు దగ్గర నిలబడింది. క్షమించమని అడగాలి. రేపు అడుగుతాను.

నవంబరు 15

పన్నెండు స్లైడ్లు. మసక ఏం లేదు. మొదటి రోజు నుంచీ లేదు.

చిలోనిస్.

పన్నెండూ చిలోనిస్. బొమ్మ పక్కన పెట్టి చూడక్కర్లేదు, మూడేళ్లుగా చూస్తున్న ఆకారం అది, ఇంటి ముందు గుమ్మంలాగా తెలుసు నాకు. కోటేశ్వరి గొట్టాల్లోవి నా సీసాల్లో దూరాయి. నా గుడ్లన్నీ తినేసి కాపురం పెట్టాయి. మందు పనిచేయలేదు. నాకు మగబిడ్డలు పుట్టలేదు, పక్కింటివాళ్లు వచ్చి కూర్చున్నారు.

కోటేశ్వరి గుడ్డలు సరిగా కట్టలేదని ఒక గంటసేపు తనని తిట్టుకున్నాను. కట్టింది నేను. పెట్టెలో కలిపి పెట్టింది నేను. వేణ్ణీళ్లు కాచింది కూడా నేనే.

నవంబరు 16

ఏడ్చి లాభం లేదు. ఒకటి రెండైనా మిగిలి ఉండొచ్చు. రెండు సీసాల నుంచీ అరవై నల్ల గుడ్లు విడదీసి, ఒక్కో గొట్టంలో ఒక్కటే పెట్టాను, పుట్టింది తన గుడ్లు పెట్టుకోడానికి తాజా పురుగు గుడ్లు కూడా వేశాను. మామూలు జాతిలో మగ తోడు లేని ఆడది గుడ్లు పెడితే పుట్టేవన్నీ మగవే. నాదైతే తోడు లేకుండానే ఆడపిల్లల్ని కంటుంది. పది రోజుల్లో ఏ గొట్టంలోనైనా ఆడవి కనపడితే అది నాదే.

ఇంకోటి కూడా ఉంది. ఆదెయ్య బాబాయ్‌కిచ్చిన ఆరు కార్డులు తుఫానుకి ముందువి. ఇప్పటికి ఆయన చేలో మూడు తరాలు గడిచి ఉంటాయి. నాకు ఇంత బుర్ర లేదేం, ముందే ఎందుకు తట్టలేదు.

నవంబరు 18

చిలకలూరిపేటలో బస్సు మారి పర్చూరు చేరేసరికి పదకొండైంది. చేలో బురద ఇంకా ఆరలేదు, నల్లరేగడి చెప్పులు ఊడబెరుకుతోంది. బాబాయ్ గట్టు మీదున్నాడు. ఇంట్లో అందరి మంచీ అడిగాడు, అమ్మ దగ్గు తగ్గిందా అన్నాడు. నేను సగం వింటూనే ఆకులు తిప్పడం మొదలుపెట్టాను.

మూడో సాలులో ఏదో తళుక్కుమంది. ఏ చాక్లెట్టు కాగితమో అనుకున్నాను. దగ్గరికెళ్తే మొక్కకి పసుపు దారంతో కట్టి ఉంది. నా కార్డు. నా చేతిరాతతో తేదీ. దాని చుట్టూ నాలుగంచులా ప్లాస్టిక్కు, గాలి కూడా దూరకుండా అతికించి.

బాబాయ్ వెనకే వచ్చాడు. ఆయన మొహంలో ఆ సంతోషం నేను చచ్చేదాకా మర్చిపోలేను.

"నువ్వు తడవనీయమాకు అన్నావు కదమ్మాయ్. ఆ రోజే పర్చూరులో జిరాక్సు షాపులో లామినేషన్ చేయించా. మొన్న తుఫానుకి చూడు, చెక్కు చెదరలేదు. నా ఆధార్ కార్డు కూడా ఇంత బాగా రాలేదు."

ఆయనది తప్పు కాదు. వాళ్లింట్లో కార్డన్నది ప్రతిదీ ప్లాస్టిక్కులోనే ఉంటుంది. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆస్పత్రి కార్డు. కార్డంటే తడవకుండా, చిరగకుండా దాచుకునేది, అడిగినప్పుడు తీసి చూపించేది. పిన్ను పెట్టి వదిలేయాల్సినదాన్ని పట్టుకెళ్లి కార్డు అని పిలిచింది మేము. అందులో ఊపిరి తీసుకునేవి ఉన్నాయని నేను చెప్పలేదు. అవే బయటికొస్తాయి అన్నాను. ఏవి, ఎక్కడి నుంచి అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

బాగున్నాయి బాబాయ్ అన్నాను.

ఈసారి పురుగు తక్కువగానే ఉందట, కార్డుల చలవే అంటున్నాడు. వచ్చే ఏడు మీరే లామినేషన్ చేయించి ఇస్తే ఊళ్లో అందరూ పట్టుకెళ్తారని కూడా చెప్పాడు. సరేనన్నాను. ఆరూ విప్పి ఇమ్మంటే, ఎందుకమ్మా ఇంకా పనిచేస్తాయి కదా అన్నాడు. పరీక్ష చేయాలని అబద్ధం చెప్పాను. మూడొందల ఆకులు తిప్పి చూశాను. నల్ల గుడ్డు ఒక్కటి లేదు. బస్సెక్కేముందు అమ్మకి ఇవ్వమని సంచీ నిండా వంకాయలు పెట్టాడు.

నవంబరు 19

ఆరు కార్డులూ లెన్సు కింద చూశాను. గుడ్లన్నీ అణిగిపోయి ఉన్నాయి. లామినేషన్ మెషీను వేడికి అక్కడికక్కడే పోయి ఉంటాయి. నొప్పి తెలిసి ఉండదు. ఇలా రాసుకుంటే ఏమైనా తగ్గుతుందేమోనని రాశాను, తగ్గలేదు.

నవంబరు 22

ఇంకా నాలుగు రోజులు. గొట్టాలు ముట్టుకోవడం లేదు.

కోటేశ్వరిని క్షమించమని అడిగాను. అడిగేసరికి తనే ఏడ్చింది.

నవంబరు 26

ఒకటి నుంచి అరవై దాకా చూశాను. తొమ్మిది గొట్టాల్లో ఏమీ రాలేదు. ఇరవై ఒకటింట్లో మొదట పుట్టిందే మగది, అవి లెక్కలోకి రావు. మిగతా ముప్ఫై గొట్టాల్లో పిల్లలున్నాయి.

అన్నీ మగవే.

తొమ్మిది నెలలు మగది కావాలని ఏడ్చాను కదా. చూసుకో.

నవంబరు 27

మేడమ్‌కి మెయిల్ రాశాను. నిజమే రాశాను, అంతా. గంటలో ఫోన్ చేశారు. తిట్టలేదు. వాళ్ల దగ్గర వేడి పెట్టె ఉందట, నాలుగు తరాలు అందులో పెంచితే ఆ బాక్టీరియా చచ్చి మగవి వచ్చేవట, ఇంతకుముందు రెండు జాతులకి అలా తెప్పించారట. "పేరు మీదేనమ్మా, నేనెప్పుడూ అడగలేదు కదా. పది పంపినా సరిపోయేది."

నిజమే, ఆవిడ ఎప్పుడూ అడగలేదు. లాక్కుంటారని నాకెవరూ చెప్పలేదు కూడా. నేనే అనుకున్నాను. ఎండలని రాశాను ఇక్కడ, అక్టోబరు మూడున. ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధం రాసుకున్నాను. పేరు నాది కావాలి, అమ్మది కావాలి, అచ్చులో కావాలి అని మూత బిగించి కూర్చున్నాను. నా వల్ల పోయాయి. తుఫాను వల్ల కాదు, బాబాయ్ వల్ల కాదు.

నా దగ్గర స్లైడ్ల మీద డెబ్బై ఆడవి ఉన్నాయి. వాటిని ఎప్పటికీ ఎవరూ ఏ జాతో చెప్పలేరు.

నవంబరు 28

అమ్మకి ఇవాళ చెబుదామనుకున్నాను. దగ్గు ఎక్కువగా ఉంది. రేపు.

నవంబరు 29

రేపు.

నవంబరు 30

ఆదివారం. నేను గొట్టాలు కడుగుతున్నాను. తలుపు దగ్గర అమ్మ, వెనక సుబ్బరావమ్మ. ఇద్దరూ ఉతికిన చీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చారు. సుబ్బరావమ్మ నమ్మడం లేదట, పురుక్కి మనిషి పేరేంటి అంటోందట, ఒకసారి చూపించి పంపవే అంది అమ్మ.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. సుబ్బరావమ్మ ముందు అమ్మ నిలబడిన తీరు చూసి మూసుకున్నాను.

కోటేశ్వరి బల్ల మీంచి ఒక గొట్టం తీసుకున్నాను. కోటేశ్వరి నా వంక చూసి మొహం తిప్పుకుంది. మైక్రోస్కోపు కింద పెట్టాను. ఇదేనండీ అన్నాను. మూడేళ్లలో పొరపాటున కూడా ఒక్క పురుగుకి తప్పు పేరు రాసి ఎరగను. ఇవాళ తెలిసి తెలిసి, అమ్మ పేరుతో, నోటితో చెప్పాను.

సుబ్బరావమ్మ చూసి అబ్బో అంది, ఎంత ముద్దుగా ఉందో రసూల్‌బీ అంది, రెక్కలకి అంచు కూడా ఉందే అంది. తరవాత అమ్మ కూర్చుంది. కన్ను పెట్టింది. చాలాసేపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. లేచి, బాగుంది అని మాత్రం అంది.

సుబ్బరావమ్మ మొదటి ఆటో ఎక్కి వెళ్లిపోయింది. మేమిద్దరం స్టేషన్ దాకా నడిచాం. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. రద్దీ ఏమీ లేదు, ఊరికే పట్టుకుంది. గేటు దగ్గర ఆగి, నా వైపు చూడకుండా అడిగింది.

"అది నేను కాదు కదే?"

కాదమ్మా అన్నాను. రోడ్డు మీద, రైలు దిగి వచ్చేవాళ్లందరి మధ్యా నిలబడి ఏడ్చాను. అమ్మ తన కొంగుతో తుడవబోయి, కారం అంటిన యార్డు చీర కాదు కదా అని చూసుకుని, తుడిచింది. అసలుది ఏమైందని అడగలేదు. ఒక్క మాట అంది.

"సుబ్బరావమ్మకి చెప్పమాకు."